పన్నెండు కమ్మలు

నా భార్య రుక్కమ్మను చంపింది ఒక కాగితం. అందులో నాకు అనుమానం లేదు. దాని మీద గుండ్రటి ముద్ర ఉంది, రెండు సంతకాలు ఉన్నాయి, మధ్యలో ఇంగ్లీషులో ఎనిమిది వరుసలు ఉన్నాయి. తర్వాత డాక్టర్లు రోగానికి ఏదో పేరు చెప్పారు. చెప్పుకోనీ.

అది 2009 ఎండాకాలం. సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు దిగి లోపలికి మూడు కిలోమీటర్లు నడిస్తే మా ఊరు. నేను గౌడును. తాళ్ళు గీసి కల్లు దించడం నా పని. ఊరి పక్క చిన్న వాగును ఒర్రె అంటాం. ఆ ఒర్రె పక్కన చెట్ల కింద మా మండువ ఉండేది. అక్కడ కూర్చొని కల్లు పోసేది రుక్కమ్మ. మా ఒక్క బిడ్డ శోభను పెద్దవూరలో ఇచ్చాం. ఇంట్లో మేం ఇద్దరమే.

ఒర్రె గట్టు మీద నా తాళ్ళు పన్నెండు. తాళ్ళలో ఆడది వేరు, మగది వేరు. మగదాన్ని పోతుతాడు అంటాం. అది కాయదు. చలికాలంలో కల్లిచ్చి ఊరుకుంటుంది. ఆడదాన్ని పండుతాడు అంటాం. ముంజలు కాసేది అదే. కామునిపున్నం నుంచి మిరుగు వానల దాకా, ఎండలు మండే కాలమంతా కల్లు దానిదే. గట్టు మీద పోతులు ఆరు, పండుతాళ్ళు ఆరు. మా నాయిన గీసిన చెట్లే నేనూ గీశాను.

అప్పటికి మూడేళ్ళ కిందట ఒర్రెకు ఎగువన కోదాడ ఆయన ప్రేమ్‌కుమార్ రేకుల షెడ్డు వేశాడు. లారీల పాత బ్యాటరీలు తెచ్చి పగలగొట్టి, లోపలి సీసం కరిగించి దిమ్మెలు పోసేవారు. పగలగొట్టగా కారిన నీళ్ళు ఒర్రెలోకి వచ్చేవి. ఒర్రె పక్కనే మా చేదబావి. ఆ నీళ్ళతోనే రుక్కమ్మ కల్లు పట్టే లొట్లు కడిగేది, ఆ నీళ్ళే మేం తాగేవాళ్ళం. షెడ్డులో పనిచేసేవాళ్ళు పొద్దుగూకే వేళకు మా మండువకే వచ్చేవారు. నేనేం అనలేదు. ఊళ్ళో ఎవరూ ఏం అనలేదు.

ఆ ఏడు పండుతాళ్ళు గీయడం మొదలుపెట్టిన పది రోజులకు, నేను చెట్టు దిగుతుంటే రుక్కమ్మ కింద కూర్చొని ఏదో ఏరుతున్నది. ఒడినిండా ఉసిరికాయంత పిందెలు.

"ఏమయ్యా, ఇటు సూడు. అన్నీ రాలుతున్నయి."

"ఎండకు రాలుతయి."

"పోయినేడు రాల్లేదు. మట్టలు సూడు, అంచులకు ఎట్ల మాడినయో. ఆరింటికి ఆరు గట్లనే ఉన్నయి. పోతులు సూస్తే మంచిగనే ఉన్నయి. పండుతాళ్ళే ఎందుకు ఎండుతున్నయి?"

"ఆడియి గద. ఓర్వలెవ్వు."

ఆమె పిందెలు నా కాళ్ళ ముందు గుమ్మరించింది. "ఓర్వలేక కాదు. అవి కాయాలె. కాసేదానికి దూప ఎక్కువ. దూప ఎక్కువైతే ఆ నీళ్ళు ఎక్కువ తాగుతది. పోతుకు ఏమున్నది, ఊకె నిలబడుడే గద."

"ఇగ నువ్వే ఎక్కి గీయ్. నేను మండువల కూసొని అమ్ముత."

"నువ్వు అమ్మితే సగం నువ్వే తాగుతవ్" అని నవ్వింది. ఆమె నవ్వినప్పుడు చిగుళ్ళ మీద సన్నటి నల్లగీత కనిపించింది. పండ్లు తోముకున్న పొడి అనుకున్నాను.

*

ఒర్రె అవతల తండా. అక్కడ సక్రు అనే అతను మా కల్లుకు పాత గిరాకీ. వరి కోతలప్పుడు వాళ్ళ బర్రెలు మూడు ఒర్రెలో నీళ్ళు తాగి, నురగలు కక్కి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయాయి. తండావాళ్ళు దరఖాస్తు పెట్టారు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయాడు. నీళ్ళు బాగానే ఉన్నాయని తేలింది. ఎందుకు తేలదు? ఆఫీసరు రావడానికి వారం ముందు నుంచే షెడ్డు మూసి ఉంది.

ఏప్రిల్ చివర్లో సక్రు మండువకు వచ్చాడు. వెంట అతని బిడ్డ నందిని. హైదరాబాదులో చెట్ల చదువు చదువుతున్నది. తండా నుంచి అంత పెద్ద చదువుకు పోయిన మొదటి మనిషి ఆ పిల్లే. సక్రు రోజూ లాగ కింద కూర్చోలేదు, బిడ్డ పక్కన నిలబడ్డాడు.

"గౌడ్ సాబ్, మా పిల్లకు నీతో జర పనుంది."

"ఏం పని? కల్లు అలవాటయిందా?" అన్నాను. పక్కన తాగేవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. అది నాకు నచ్చలేదు.

"లేదు కాకా. గట్టు మీది చెట్ల కమ్మలు గావాలె. పోతులవి ఆరు, పండుతాళ్ళవి ఆరు. ఒక్కో చెట్టుకు ఒకటి."

"ఎందుకు?"

"ఆఫీసరు వస్తున్నడంటే ప్రేమ్‌కుమార్ నీళ్ళు ఆపిండు. మట్టి తీస్తరంటే దాని మీద కొత్త మొరం పోసిండు. చెట్టును ఏం జేస్తడు? మూడేండ్ల సంది తాగింది దాని ఒంట్లనే ఉన్నది. ఆఫీసరును అడిగిన. యూనివర్సిటీ కాగితం తెస్తే షెడ్డుకు సీలు ఏస్తనని మాటిచ్చిండు."

"అయితే ఏదో ఒక కమ్మ తీస్కపో."

"రెండు రకాలూ గావాలె. అదే నా చదువు." ఆ పిల్ల కట్టెపుల్ల తీసుకొని నేల మీద రెండు చెట్లు గీసింది. "వేరే దేశాలల్ల వేరే చెట్ల మీద సూసిన్రు. మగ చెట్టు విషాన్ని వేర్ల కాడనే ఆపుకుంటదట. ఆడ చెట్టు ఆకు దాక పంపుతదట. తాటిచెట్టు మీద ఇంకా ఎవరూ సూడలే. గట్లనే ఉంటే, పోతు కమ్మల ఏం దొరకది. పండుతాటి కమ్మలనే దొరుకుతది."

రుక్కమ్మ కల్లు పోయడం ఆపి వింటున్నది. "నేనన్న ముచ్చటనే గద!" అన్నది నాతో.

నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు చెట్టు మీద బతికిన మనిషికి, మా దగ్గర ఉద్దెర కల్లు తాగే సక్రు బిడ్డ కట్టెపుల్లతో తాటిచెట్టు గీసి చూపిస్తున్నది.

"పోతు ఏదో పండుతాడు ఏదో నాకు నేర్పుతున్నవా?"

"లేదు కాకా. కమ్మ తెంపినంక అది పోతుదో పండుదో ఏ సారూ చెప్పలేడు. చెట్టును చూసి చెప్పాలె. అది నీకే తెలుసు. అందుకే నీ దగ్గరికి వచ్చిన."

సంచిలోంచి రెండు దారపు ఉండలు తీసి రుక్కమ్మ చేతికిచ్చింది. పండుతాటి కమ్మకు ఎర్ర దారం, పోతు కమ్మకు తెల్ల దారం కట్టాలట. ఆ రోజే కమ్మలు తెంపించుకుందామని వచ్చింది గాని, నేను పొద్దునే ఎక్కి దిగానని, మళ్ళీ ఎక్కనని చెప్పాను. ఆ పిల్లకు మర్నాడు హైదరాబాదులో పరీక్ష ఉంది. సోమవారం పొద్దున కోసి సూర్యాపేట బస్టాండుకు తెస్తే పదకొండింటికి వచ్చి తీసుకుంటానన్నది. సరే అన్నాను.

*

మా కులంలో ఒక కట్టుబాటు ఉంది. కల్లు పారుతున్న చెట్టుకు కమ్మ కొట్టం. గీత మొదలుపెట్టక ముందే కొట్టాల్సిన కమ్మలు కొట్టి, తల శుభ్రం చేసి దిగుతాం. లొట్టి కట్టిన తర్వాత గెలను తప్ప చెట్టులో ఇంకోచోట కత్తి తాకకూడదు. తాకితే చెట్టు అలుగుతుందని మా నాయిన అనేవాడు. ఆయన ఎన్నడూ తాకలేదు. నేనూ తాకలేదు.

ఏప్రిల్‌లో పారేవి పండుతాళ్ళు. పోతుల కాలం అయిపోయి వాటి తలల మీద లొట్లు లేవు.

సోమవారం పొద్దున చెట్టెక్కే మోకు, ముత్తాదు వేసుకొని గట్టుకు పోయాను. ముందు ఆరు పోతులు ఎక్కి ఆరు కమ్మలు కొట్టాను. రుక్కమ్మ కింద కూర్చొని తెల్ల దారం కట్టింది. తర్వాత పండుతాళ్ళు ఎక్కాను. గెలలు గీశాను, కల్లు దించాను, లొట్లు మార్చాను. ఆరు చెట్లూ ఎక్కి దిగాను. కమ్మ కొట్టలేదు. మళ్ళీ పోతుల దగ్గరికి పోయి ఇంకో ఆరు కొట్టాను.

రుక్కమ్మ చేతిలో ఎర్ర దారం పట్టుకొని నిలబడింది.

"ఇవి పోతుయి."

"కట్టు."

"ఆ పిల్ల ఏం చెప్పింది, నువ్వేం జేస్తున్నవ్? ఒక్కొక్క కమ్మకు ఏమైతది? కొట్టరాదు."

"పారే చెట్టుకు కత్తి పెట్టాల్నా? అసలే అవి ఎండుతున్నయంటివి. ఉన్న కల్లు కూడ పోగొడ్తవా?"

"చెట్టు పోతుంటే కల్లు ఏడికెల్లి వస్తది?"

"ఆకు ఆకే. కట్టు."

ఆమె కట్టలేదు. దారపు ఉండను కమ్మల మీద పెట్టి మండువలోకి పోయింది. నేనే కట్టాను. ఆరు ముళ్ళు.

సూర్యాపేట బస్టాండులో జనం మధ్య ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. కట్టను రెండు చేతులతో, చంటిపిల్లను తీసుకున్నట్టు తీసుకున్నది.

"కలవలేదు గద కాకా?"

"ముప్పై ఏండ్ల సంది గీస్తున్న."

"కోపం జేయకు. చాయ్ తాగుదామా?"

"నాకు పనుంది" అని వచ్చేశాను.

*

మే నెలలో రుక్కమ్మ లొట్లు పగలగొట్టడం మొదలైంది. ముందు ఒకటి. మూడు రోజులకు ఇంకొకటి. కడిగి బోర్లిస్తుంటే చేతిలోంచి జారిపోయేది. నాలుగోది పగిలిన రోజు కల్లుతో నిండి ఉంది. తాగడానికి వచ్చినవాళ్ళ ముందే పగిలింది.

"కండ్లు ఏడ పెట్టినవే?" అని అరిచాను.

"కండ్లు కాదు. చెయ్యి నిలుస్తలేదు."

కుడిచెయ్యి ముందుకు చాపి చూపింది. మణికట్టు దగ్గర నుంచి చెయ్యి కిందికి వేలాడింది, విరిగిన కొమ్మ లాగ. ఎత్తమన్నాను. ఎత్తలేకపోయింది. ఎడమచేత్తో పట్టుకొని ఎత్తి, వదిలేసింది. మళ్ళీ పడిపోయింది.

"నాటకం ఆడకు" అన్నాను.

ఆమె పెంకులు ఎడమచేత్తో ఏరింది. అప్పటికే నెల నుంచి ఆమెకు కడుపులో మెలిపెట్టే నొప్పి. సూర్యాపేటలో ఒక ఆర్‌ఎంపీ గ్యాస్ అని గోలీలిచ్చాడు. వేసుకుంటున్నది, తగ్గడం లేదు. ముఖం పాలిపోయింది. అదే బావి నీళ్ళు నేనూ తాగుతున్నాను. నాకు ఏమీ లేదు. అందుకే నమ్మలేదు.

ఆ వారమే పంచాయతీ ఆఫీసు ముందు ఆఫీసరు కూర్చున్నాడు. ఊరు ఒకవైపు, తండా ఒకవైపు. కాగితం తెచ్చింది నందినే. ముఖం చూస్తేనే తెలిసింది. ఆఫీసరు చదివి తెలుగులో చెప్పాడు. పన్నెండు కమ్మలు పరీక్ష చేశారు, సీసం ఉండాల్సిన పరిమితిలోనే ఉంది, ఎర్ర దారం కమ్మలకూ తెల్ల దారం కమ్మలకూ తేడా లేదు.

ప్రేమ్‌కుమార్ లేచి దండం పెట్టాడు. "చూశారాండీ? మేం ముందు నుంచీ చెప్తూనే ఉన్నాం. ఏదో చదువుకునే పిల్ల, ఆవేశపడింది. మేం మనసులో పెట్టుకోం."

ఊరివాళ్ళలో ఎవరో అరిచారు. "బర్రెలు సస్తే చెట్లను అడిగిందట! రేపు మేకలను అడుగుతది."

"ఆడ చెట్టు, మొగ చెట్టు అంటివి గద. పెండ్లి ఎప్పుడు జేస్తవమ్మా?"

అందరూ నవ్వారు. నేను కూడా ఒక మాట అన్నాను. అది దాచను. "తండాల తాటిచెట్టు ఎక్కేటోడు ఒక్కడు లేడు, తాటిచెట్టు మీద చదువట" అన్నాను. నా మాటకే ఎక్కువ నవ్వారు.

సక్రు తల వంచుకున్నాడు. నందిని వంచుకోలేదు. గుంపులోంచి నడిచి నా ముందుకు వచ్చింది. కోపంగా కాదు, లెక్క తప్పినప్పుడు మొదటి నుంచి చూసుకున్నట్టు అడిగింది.

"కాకా, ఎర్ర దారం కట్టినయి పండుతాళ్ళయే గద?"

ఊరంతా చూస్తున్నది. సక్రు తల ఎత్తి చూస్తున్నాడు.

"ఆ. పండుతాళ్ళయే" అన్నాను.

ఆమె "సరే కాకా" అని, తండ్రి చెయ్యి పట్టుకొని ఒర్రె దాటి వెళ్ళిపోయింది.

ప్రేమ్‌కుమార్ ఆ కాగితం జిరాక్సులు తీయించి ఊరంతా పంచాడు. ఒకటి మడిచి నేను అంగీ జేబులో పెట్టుకున్నాను. సక్రు ఎప్పుడైనా మండువకు వస్తే చూపిద్దామని. సక్రు రాలేదు.

*

జూన్ మొదట్లో శోభ పెద్దవూర నుంచి వచ్చి తల్లిని చూసి నన్ను తిట్టింది. ఇద్దరం కలిసి మిర్యాలగూడ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు చిన్నవాడు. రుక్కమ్మ చెయ్యి ఎత్తి వదిలి చూశాడు. టార్చి వేసి నోట్లో చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ నల్లగీత ఎన్ని రోజుల నుంచి ఉంది?"

ఆమెకు తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు.

"మీ ఇంటి దగ్గర బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు గాని, రంగుల ఫ్యాక్టరీ గాని ఉందా?"

"ఉంది సార్, బ్యాటరీల షెడ్డే" అన్నది శోభ.

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అయితే రక్తం తీసి హైదరాబాద్ పంపాలి. సీసం ఒంట్లోకి పోతే ఇట్లనే అయితది. మొగవాళ్ళు, ఆడవాళ్ళు అందరికీ ఒక్కతీరుగా రాదు. బాలింతలు, రక్తం తక్కువ ఉన్నవాళ్ళు తొందరగా పడిపోతారు. మీ నీళ్ళు ఎవరన్నా పరీక్ష చేశారా?"

నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను.

ఎవరూ అడగలేదు. నేనే తీశాను. చెయ్యి దానంతట అదే పోయింది.

ఆయన చదివాడు. ముద్ర చూశాడు, సంతకాలు చూశాడు. "యూనివర్సిటీ వాళ్ళు చెట్ల ఆకులు కూడా చూశారా? మంచిది. దీంట్లో ఏం లేదంటున్నారు. అయితే ముందు నరాలకు మందు వాడదాం. తగ్గకపోతే ఇరవై రోజులకు రండి, అప్పుడు రక్తం సంగతి చూద్దాం."

రుక్కమ్మ నా వైపు చూసింది. ఎర్ర దారం ఎవరు కట్టారో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. నేను గోడ మీద వేలాడే క్యాలెండరు చూశాను. ఆమె నా వైపు చూడటం ఆపి, చీర కొంగుతో జారిపోతున్న చేతిని కట్టుకొని లేచింది.

బస్సులో నేరేడుచర్ల దాటాక శోభ నిద్రపోయింది. అప్పుడు రుక్కమ్మ మెల్లగా అన్నది.

"ఆ పిల్లకు చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నీకు తెలుసు."

"ఊరంత నవ్విన్రు ఆ పిల్లను. ఇప్పుడు పోయి సక్రు ఇంటి ముందు నిలబడాల్నా?"

"నిలబడు. ఏమైతది? ఊకె నిలబడుడు నీకు కొత్తనా?"

మొదట అర్థం కాలేదు. పోతుతాళ్ళ గురించి ఆమె అన్న మాట తర్వాత గుర్తొచ్చింది.

"మిరుగు రానీ. గీత ఆగినంక పోయి చెప్త" అన్నాను.

మిరుగు వచ్చింది. వాన పడింది. గీత ఆగింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. ఒకసారి ఒర్రె దాకా పోయాను. అవతల సక్రు నాగలి కడుతున్నాడు. నన్ను చూసి పని ఆపాడు, నేను దాటి వస్తానని అనుకున్నాడో ఏమో. నేను వంగి కాళ్ళు కడుక్కొని వెనక్కి వచ్చాను.

రుక్కమ్మ రెండోసారి అడగలేదు. ఆమె సంగతి అంతే. ఏదైనా ఒక్కసారే అడిగేది.

ఇరవై రోజులు కాకముందే ఆమెకు మూత్రం ఆగిపోయింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో రక్తం చూసి సీసం అన్నారు. మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు. ఇన్ని రోజులు ఏం మందు వాడారని అడిగారు. నరాలకని చెప్పాను. అక్కడి డాక్టరమ్మ చీటీ మీద రాసుకున్నది. ఆరో రోజు పొద్దున రుక్కమ్మ పోయింది. పోయేటప్పుడు శోభతో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు.

*

దినాలు అయిన వారానికి నందిని వచ్చింది. ఈసారి నా దగ్గరికి రాలేదు. తండా నుంచి ధన్‌సింగ్ అనే అతన్ని వెంట తెచ్చుకున్నది. అతను కరెంటు స్తంభాలు ఎక్కే పని చేస్తాడు. స్తంభం ఎక్కే బెల్టుతో తాటిచెట్టు ఎక్కాడు. గంటకు ఒక చెట్టు. రెండు చోట్ల జారాడు, తొడలు చీరుకుపోయాయి. ఆరు పండుతాళ్ళు ఎక్కి ఆరు కమ్మలు కోశాడు. తర్వాత ఆరు పోతులు. ఆ పిల్ల ప్రతి చెట్టు కింద తనే నిలబడి, మెడ విరిగేటట్టు పైకి చూసి, ప్రతి కమ్మకూ తన చేత్తోనే దారం కట్టింది. నేను మండువ గుంజకు ఆనుకొని చూశాను. ఏ చెట్టు పోతో, ఏది పండుతాడో ఒక్కదాంట్లో కూడా ఆమె తప్పలేదు.

ఆ కమ్మల కాగితంతో దసరాకు ముందు షెడ్డుకు సీలు పడింది. ప్రేమ్‌కుమార్ రేకులు విప్పుకొని పోయాడు. ఎవరో వచ్చి మా బావిలో మట్టి పోశారు.

ఆ తర్వాత ఆ పిల్ల ఇంటికి వచ్చింది. ఒక్కతే. గడప బయటే నిలబడి రెండు కాగితాలు చూపింది.

"కాకా, ఇది ఎండాకాలంది. ఇది వానాకాలంది. మొదటి దాంట్ల ఏం లేదు. రెండో దాంట్ల పండుతాళ్ళల్ల పోతుల కంటే ఆరింతలు ఉన్నది."

నేను చూడలేదు.

"ఒక్కటే చెట్టు, మూడు నెలలల్ల ఇంత మారది. మా సారు నమ్ముతలేడు. మొదటిసారి ఏం జరిగిందో నేను రాయాలె. రాయకపోతే నా చదువుకు రెండు కాగితాలూ పనికిరావంటడు. మూడేండ్ల కష్టం." ఆమె గొంతు తగ్గింది. "నిన్ను అనెటందుకు రాలే కాకా. ఊర్ల ఎవరికీ చెప్ప. రుక్కమ్మ చిన్నమ్మ మీద ఒట్టు. కమ్మలు మారినయి అని ఒక్క మాట చెప్పు. సాలు."

పండుగకు వచ్చిన శోభ ఇంట్లో అన్నం వండుతున్నది. గరిట చప్పుడు ఆగింది.

"నాకు యాది లేదు" అన్నాను.

"యాది లేదా?"

"లేదు."

ఆ పిల్ల కాగితాలు మడుచుకున్నది. గడప పక్కన గూట్లో ఆ ఎర్ర దారపు ఉండ ఇంకా ఉంది, రుక్కమ్మ ఎప్పుడు తెచ్చి పెట్టిందో తెలియదు. ఆమె చూసింది. తీసుకోలేదు. వెళ్ళిపోయింది.

శోభ అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చొని, "నాయినా, అమ్మకు తెలుసా?" అని అడిగింది. నేను తిన్నాను. మర్నాడు పెద్దవూర బస్సెక్కింది. పండుగలకు ఫోన్ చేస్తుంది. ఆరోగ్యం అడుగుతుంది.

నందిని చదువు ఒక ఏడాది వెనక్కి పోయిందని విన్నాను. మళ్ళీ మొదటి నుంచి వేరే ఊరి చెట్ల మీద చేసిందట. ఇప్పుడు కోదాడలో ఏదో కాలేజీలో పాఠం చెబుతుంది. బస్టాండులో ఎదురైతే "బాగున్నవా కాకా" అంటుంది. నేను జవాబు చెప్పను. ఆమె నాకు ఒక్క అన్యాయం చేసింది. నేను చెట్టు ఎక్కితే కింద నిలబడి చూడలేదు, నా మాట నమ్మి బస్సెక్కింది. దానికి క్షమించను.

గట్టు మీద పండుతాళ్ళు ఆరూ పోయాయి. తలలు ఊడి మొండాలు కొన్నాళ్ళు నిలబడ్డాయి, తర్వాత అవీ పడిపోయాయి. పోతులు ఆరూ ఉన్నాయి. పచ్చగా ఉన్నాయి. దవాఖానలో నా రక్తం కూడా తీశారు. నా ఒంట్లోనూ సీసం ఉందన్నారు. ఐదేళ్ళయింది. ఇప్పటిదాకా నాకు జ్వరం కూడా రాలేదు.

నేను గీత మానేశాను. మోకు దూలానికి వేలాడుతున్నది. ఊరివాళ్ళు రుక్కమ్మ ఎట్ల పోయిందని అడిగితే కాగితం అని చెప్తాను. ఇంకేమైనా అడిగితే లేచి వచ్చేస్తాను. కమ్మలు ఎవరు కోశారు, దారం ఎవరు కట్టారు అన్నది ఇక్కడ ఒక్కసారి రాశాను. శోభ వచ్చి అడిగినా, ఆ పిల్ల మళ్ళీ గడపలో నిలబడినా, ఇగ ఆ మాట నేను మాట్లాడను.